కిటికీ పక్క సీటు: బెజవాడ ఎండలో ఆఫీసును కూర్చోదగ్గట్టు చేయడం ఎలా

బెజవాడ ఆఫీసుల్లో వేసవి గొడవలకు మూలం చాలాసార్లు ఏసీ రిమోటే. అద్దం పక్కన కూర్చున్నవారు దాన్ని 18కి దించుతారు. ఏసీ కింద కూర్చున్నవారు చున్నీ తలకు చుట్టుకుని 26కి ఎక్కిస్తారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. పది అడుగుల దూరంలో ఉన్నా ఇద్దరి ఒళ్ళకూ తగులుతున్న వేడి ఒకటి కాదు.

ఏసీ కొలిచేది గాలి వేడిని మాత్రమే. మన ఒంటికి గాలితోపాటు చుట్టూ ఉన్న గోడలు, కప్పు, అద్దాలు వెదజల్లే వేడి కూడా తగులుతుంది. స్థూలంగా ఈ రెండింటి సగటే మనకు తెలిసే వేడి. గదిలో గాలి 24 డిగ్రీలే ఉన్నా, కాగిన అద్దం పుణ్యమా అని చుట్టుపక్కల ఉపరితలాల సగటు 34కి చేరితే, ఆ కుర్చీలో ఉన్న మనిషికి అది 29 లెక్క. దాని మీద నేరుగా భుజాన ఎండ పడితే ఇక చెప్పనక్కరలేదు. ఈ లెక్క తెలియకనే చాలా ఆఫీసుల్లో ఒకటిన్నర టన్ను ఏసీ తీసి రెండు టన్నులది పెడతారు. ఏసీ కిందివాళ్ళకు మరింత చలి, అద్దం పక్కవాళ్ళకు అదే ఉడుకు, యజమానికి పెద్ద బిల్లు.

కాబట్టి ఇక్కడ ఏసీ సంగతి చివర్లో వస్తుంది. ముందు ఎండ ఎటునుంచి వస్తుందో చూద్దాం, తరువాత కుర్చీలు జరుపుదాం, ఆ తరువాత డబ్బు ఖర్చు చేద్దాం.

ఎండ ఎక్కడ పడుతుందో ముందు గుర్తు పెట్టండి

ఫోనులో దిక్సూచి తెరిచి, అద్దం లోంచి బయటికి చూస్తూ నిలబడండి. ఇనుప బీరువాకు దగ్గరగా నిలబడితే ముల్లు తప్పు చూపిస్తుంది, కాస్త దూరం జరగండి. ‘మాది దక్షిణ ముఖం’ అన్న మాటను మాత్రం నమ్మకండి. బందరు రోడ్డు నేరుగా తూర్పుకు పోదు, ఆగ్నేయానికి ఒరిగి పోతుంది. ఆ రోడ్డుకు ఉత్తరం పక్కనున్న భవనాల దక్షిణ ముఖం నిజానికి కొంత నైరుతికి తిరిగి ఉంటుంది. చలికాలంలో కూడా భోజనాల వేళ దాటాక అక్కడి అద్దాల మీద ఎండ సూటిగా పడడానికి కారణం అదే.

తరువాత ఒక చుట్ట రంగు టేపు తెచ్చుకోండి. 10, 12, 2, 4, 5 గంటలకు ఎండ అంచు నేల మీద ఎక్కడుందో అక్కడ చిన్న ముక్క అంటించి గంట రాయండి. మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చేస్తే చాలు. ఈ రెండు పటాలూ ఒకదానికొకటి పోలికే ఉండవు. చాలామంది వేసవి కోసం తెరలు కొని, డిసెంబరులో కళ్ళు చికిలించుకుంటూ కూర్చునేది ఇందుకే.

విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 5 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 7 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రెండు తేదీల నడుమ మూడు నెలలూ మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. అంటే నిండు వేసవిలో దక్షిణపు అద్దం మీద నడి మధ్యాహ్నం నేరుగా ఎండే పడదు. ఆ అద్దం బాధపెట్టేది నవంబరు నుంచి జనవరి దాకా. డిసెంబరు చివర్లో మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. అప్పుడు రెండు అడుగుల సన్‌షేడ్ కిందికి రెండున్నర అడుగుల లోపే నీడ ఇస్తుంది, మిగిలిన అద్దం ఎండలోనే.

తూర్పు అద్దం పేరుకు భయపెడుతుంది కానీ పదింటికి తెరిచే ఆఫీసుకు మే నెలలో అంత ఇబ్బంది లేదు. ఆ వేళకే సూర్యుడు 60 డిగ్రీల ఎత్తుకు ఎక్కి ఉంటాడు, సన్‌షేడ్ చాలావరకు ఆపేస్తుంది. డిసెంబరులో అదే పదింటికి 40 డిగ్రీల దగ్గరే ఉంటాడు కాబట్టి ఎండ బల్లల మీదికి పాకుతుంది. ఉత్తరపు అద్దం అన్నిటికంటే మంచిది, జూన్ సాయంత్రాల ఏటవాలు ఎండ ఒక్కటి తప్ప.

అసలు శత్రువు పడమర. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 34 డిగ్రీల ఎత్తులో, అయిదింటికి 20 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. రెండు అడుగుల సన్‌షేడ్ నాలుగింటికి అడుగున్నర కూడా నీడ ఇవ్వదు, అయిదింటికి తొమ్మిది అంగుళాలకు మించదు. అయిదు అడుగుల కిటికీని నాలుగింటికి పూర్తిగా నీడలో ఉంచాలంటే ఏడు అడుగులకు పైగా సన్‌షేడ్ పోయాలి. అది సన్‌షేడ్ కాదు, వరండా. మన పాత పెంకుటిళ్ళకు పడమట వరండాలు ఉండేవంటే ఊరికే కాదు.

ఎంత వేడి వస్తుందో ఒక లెక్క చూడండి. 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తున్న మామూలు అద్దం పడమర వైపు ఉంటే, మే నెల సాయంత్రం దాని గుండా లోపలికి వచ్చే వేడి రమారమి వెయ్యి వాట్లు. ఆ కుర్చీ పక్కన ఎవరో ఇస్త్రీపెట్టెను ఆన్ చేసి మరిచిపోయినట్టే. ఒక టన్ను ఏసీ బయటికి తోడగలిగేది మూడున్నర వేల వాట్లు. అలాంటి కిటికీలు మూడుంటే ఒక టన్ను దాదాపుగా వాటికే ఖర్చయిపోతుంది. మనుషులకు, కంప్యూటర్లకు, పైకప్పుకు మిగిలేది ఏమీ ఉండదు.

ఇంకా పట్టుదల ఉంటే చిన్న పరికరం తయారు చేసుకోవచ్చు. టేబుల్ టెన్నిస్ బంతికి చిన్న రంధ్రం చేసి, మెరుపు లేని నల్ల రంగు పూయండి. వైరు చివర సెన్సరు ఉండే చిన్న డిజిటల్ థర్మామీటరు అక్వేరియం సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. ఆ సెన్సరును బంతిలోకి దూర్చి, అద్దం పక్క కుర్చీ దగ్గర ఛాతీ ఎత్తున వేలాడదీయండి. అరగంట ఆగి చూడండి. మళ్ళీ గది మధ్యలో చూడండి. గాలి వేడి, చుట్టుపక్కల వేడి రెండూ కలిసిన అంకె అది. తేడా రెండు డిగ్రీల లోపుంటే మీ ఆఫీసు బాగానే ఉంది. నాలుగు దాటితే రిమోటు మీద గొడవ పడి లాభం లేదు, కింద చెప్పిన పనులు మొదలుపెట్టండి. కరోనా కాలంలో కొన్న నుదుటి థర్మామీటరుతో అద్దాన్ని కొలవాలనుకుంటే, అందులో వస్తువుల వేడిని కొలిచే మీట ఉందో లేదో చూసుకోండి. జ్వరం చూసే మీటలో అది 42 దాటి చూపించదు. మే నెల అద్దానికి ఆ కొలత చాలదు.

ఖర్చు లేని పని: కుర్చీలు జరపడం

వాస్తు ప్రకారం యజమాని గది నైరుతిలో ఉండాలంటారు. మన దగ్గర తొంభై పాళ్ళు అలాగే కడతారు. ఎండ లెక్కలో చూస్తే శీతాకాలపు దక్షిణ ఎండ, వేసవి పడమటి ఎండ రెండూ పడే మూల అదే. ఆ మూలకు రెండువైపులా అద్దాలు పెట్టించుకుని, మధ్యాహ్నం తరువాత హాల్లోకి వచ్చి కూర్చునే పెద్దమనుషులు ఊళ్ళో తక్కువేమీ లేరు. అయితే అదే వాస్తు, నైరుతిలో బరువు ఉంచమని కూడా చెబుతుంది. దాన్ని వాడుకోండి. ఫైళ్ళ ర్యాకులు, ఇనుప బీరువాలు, పాత రికార్డులు అన్నీ పడమటి అద్దం వెంబడి, అద్దానికి ఒక అడుగు ఎడంగా నిలబెట్టండి. కాగితాల దొంతరల వెనక కూర్చున్న మనిషికి అద్దం కనిపించదు, అద్దం వేడీ సూటిగా తగలదు. శాస్త్రం చెబితే వినని యజమాని వాస్తు చెబితే వింటాడు. మనకు కావలసింది ర్యాకు జరగడం.

జరపగలిగిన బల్లలను అద్దానికి కనీసం మూడు అడుగులు ఇవతలికి తెచ్చి, ఆ ఖాళీని నడవగా వదిలేయండి. నడిచి వెళ్ళేవాడికి అర నిమిషం ఎండ తగిలితే నష్టం లేదు. తొమ్మిది గంటలు కూర్చునేవాడి సంగతి వేరు.

బల్ల ఎటు తిప్పాలన్నది కంటికి సంబంధించినది. కంప్యూటర్ తెర వెనక అద్దం ఉంటే కంటికి వెలుగు పొడుచుకుంటుంది. మనిషి వెనక అద్దం ఉంటే తెర మీద అద్దం ప్రతిబింబమే కనిపిస్తుంది, పైగా వీపు కాలుతుంది. అద్దం ఎడమకో కుడికో వచ్చేలా బల్ల తిప్పితే రెండు బాధలూ తప్పుతాయి. ఎక్కువగా చేత్తో రాసే గుమాస్తా కుడిచేతి వాటమైతే వెలుగు ఎడమ నుంచి రావాలి, అప్పుడు తన చేతి నీడ తన రాత మీద పడదు. బల్ల మీద వెలుగు 300 నుంచి 500 లక్సులు ఉంటే ఆఫీసు పనికి సరిపోతుంది. ఫోనులో లక్సు కొలిచే యాప్‌తో ఉజ్జాయింపుగా చూసుకోవచ్చు. ఎండ మచ్చ పడిన చోట ఆ అంకె వేలు దాటి పదివేలలోకి పోతుంది. పక్కపక్కనే అంత తేడా ఉన్న రెండు చోట్లకు కన్ను మాటిమాటికీ సర్దుకోవాలి కాబట్టే సాయంత్రానికి తలనొప్పి.

ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. చాలా ఆఫీసుల్లో పడమటి కిటికీ సీటు కొత్తగా చేరినవారికి ఇస్తారు, ఎందుకంటే పాతవాళ్ళకు ఆ సీటు సంగతి తెలుసు. మార్చి నుంచి జూన్ దాకా గర్భిణులను, బీపీ మందులు వాడేవారిని, వయసు మళ్ళినవారిని అక్కడ కూర్చోబెట్టకండి. మిగిలినవారు వారానికొకరు చొప్పున మారితే ఎవరికీ ఫిర్యాదు ఉండదు. ఇంకో సంగతి. ఎండలో ఒంటికి డి విటమిన్ తెచ్చే యూవీ-బీ కిరణాలను అద్దం దాదాపుగా ఆపేస్తుంది, చర్మాన్ని నల్లబరిచే యూవీ-ఏ కిరణాలు మాత్రం చాలావరకు లోపలికి వస్తాయి. అందుకే కిటికీ వైపున్న చెయ్యి నల్లబడుతుంది కానీ ‘ఎండ తగులుతోంది కదా, డి విటమిన్ వస్తుంది’ అనుకోవడానికి వీల్లేదు.

మంచినీళ్ళ క్యాన్లను కిటికీ కింద పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మార్చండి. ఎండలో నీళ్ళు వేడెక్కి పాచి పడతాయి. ప్రింటరు, సర్వరు, ఇన్సులిన్ పెట్టుకున్న చేతిసంచి కూడా అక్కడ వద్దు.

ఎండను అద్దం అవతలే ఆపండి

ఖర్చు పెట్టదలుచుకుంటే మొదటి రూపాయి ఇక్కడే పెట్టాలి. ఎండ ఒకసారి అద్దం దాటి లోపలికి వచ్చిందంటే ఆ వేడిలో చాలా భాగం గదిలోనే ఉండిపోతుంది. లోపల ఎంత ఖరీదైన తెర వేసినా అది వేడెక్కి, ఆ వేడిని గదిలోకే వదులుతుంది. అదే తెర అద్దం బయట ఉంటే వేడెక్కినా గాలికి పోతుంది. ఈ ఒక్క సూత్రం ఒంటబట్టించుకుంటే మిగిలిన వ్యాసం చదవకపోయినా ఫరవాలేదు.

అందరికీ అందుబాటులో ఉన్నది నర్సరీల్లో వాడే షేడ్ నెట్. కడియం వైపు వెళితే రోడ్డు పొడవునా మొక్కల మీద కనిపించేది అదే. 50, 75, 90 శాతం అని రకాలుంటాయి. ఎంత ఎండను ఆపుతుందో ఆ అంకె చెబుతుంది. ఆఫీసుకు 75 శాతం మంచి మధ్యేమార్గం. 90 కడితే లోపల పగలే లైట్లు వేయాలి. ఆకుపచ్చ నెట్టు కడితే గదంతా పచ్చగా, జబ్బు చేసినట్టు కనిపిస్తుంది, కాగితాల రంగులు తేడాగా ఉంటాయి. తెలుపో బూడిద రంగో దొరికితే అది తీసుకోండి. అద్దానికి ఆనించి కట్టకండి. కనీసం ముప్పావు అడుగు ఎడం వదిలితే మధ్యలో గాలి ఆడి వేడి పైకి పోతుంది.

కట్టే పద్ధతిలోనే అందరూ చిక్కులు తెచ్చుకుంటారు. పైన, కింద జీఐ పైపు, నాలుగు మూలలా కొక్కేలు, ఏ నిమిషంలోనైనా విప్పగలిగేలా తాడు. ఇది ముఖ్యం. మన తీరానికి తుఫానులు కొత్త కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. వేసవి సాయంత్రాల గాలివాన కూడా తక్కువేమీ కాదు. బిగించి శాశ్వతంగా కట్టేసిన నెట్టు ఆ గాలికి కొక్కేలను సిమెంటుతో సహా పీకేస్తుంది, కింద రోడ్డు మీద జనం ఉంటారు. మూడో అంతస్తు దాటితే నెట్టు ఆలోచన మానుకోవడమే మంచిది. అక్కడ గోడకు బోల్టులతో బిగించే అల్యూమినియం పలకల షట్టరు పెట్టించండి, లేదా తరువాత చెప్పే, అద్దానికి అంటించే సన్ ఫిల్మ్ వైపు వెళ్ళండి. ఏ తెరైనా సరే, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ముందు అడ్డంగా రాకూడదు. దాని వేడిగాలి బయటికి పోయే దారి మూసేస్తే ఏసీ చల్లబరచడం మానేస్తుంది, మీరు మెకానిక్‌ను పిలుస్తారు, అతను గ్యాస్ తగ్గిందంటాడు.

కింది అంతస్తుకు, మొదటి అంతస్తుకు వెదురు తెరలు బాగుంటాయి. పైకి చుట్టుకోవచ్చు, అద్దానికి బయట వేలాడదీయవచ్చు, రెండు మూడు వేసవులు తట్టుకుంటాయి. వట్టివేళ్ళ తడికలు తడిపి కట్టడం కిటికీలు తెరిచి ఉంచే దుకాణాలకు పనికివస్తుంది, అదీ పడమటి పొడి వడగాలి వీచే రోజుల్లోనే. అద్దాలు బిగించి ఏసీ నడిపే గదికి దానితో పని లేదు.

ఓపిక ఉన్నవారికి తీగ. పడమటి గోడ కింద నేల ఉంటే ఇనుప జాలీ నిలబెట్టి రాధామనోహరం పాకించండి. మండుటెండను ఇష్టపడే తీగ అది, సాయంత్రానికి వాసన కూడా ఉచితం. గోడకు అడుగు ఎడంగా పాకిస్తే గోడకు చెమ్మ పట్టదు. పెరగడానికి ఒకటి రెండు వేసవులు పడుతుంది కాబట్టి ఈలోగా నెట్టు తప్పదు.

ఉత్తరపు అద్దానికి జూన్ సాయంత్రాల్లో పక్కనుంచి పడే ఏటవాలు ఎండకు పైన సన్‌షేడ్ ఎంత పొడిగించినా లాభం లేదు. కిటికీకి పడమటి పక్కన నిలువుగా ఒక పలక, అడుగున్నర వెడల్పు చాలు. దక్షిణానికి మాత్రం అడ్డంగా ఉండే సన్‌షేడే సరైనది. ఉన్నదానికి రేకుతో ఇంకో అడుగున్నర పొడిగిస్తే చలికాలం బాధ సగం పోతుంది.

అద్దె భవనమైతే యజమాని ‘ఎలివేషన్ పాడవుతుంది’ అంటాడు. ముందు ఒకే ఒక కిటికీకి పదిహేను రోజుల అనుమతి అడగండి. నల్ల బంతి అంకెలు రెండు కిటికీల దగ్గరవీ రాసి చూపించండి. పై అంతస్తు అద్దెదారులు కూడా అడగడం మొదలుపెడితే ఆయనే ఒక మేస్త్రీని మాట్లాడతాడు.

సన్ ఫిల్మ్ కొనేముందు

దుకాణంలో మీకు ఒక ప్రదర్శన చూపిస్తారు. ఎర్రగా వెలిగే వేడి బల్బు ముందు ఫిల్మ్ అంటించిన అద్దం పెట్టి, వెనక చెయ్యి పెట్టమంటారు. వేడి అస్సలు తగలదు. ‘97 శాతం ఇన్‌ఫ్రారెడ్ ఆపుతుంది సార్’ అంటారు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ బల్బు ఇచ్చేది దాదాపుగా ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనిపించని కిరణాల వేడే. సూర్యుడి శక్తిలో ఇన్‌ఫ్రారెడ్ వాటా సుమారు సగం. మిగిలిన సగంలో ఎక్కువ భాగం కంటికి కనిపించే వెలుగు, అదీ లోపలికి వచ్చి వేడిగానే మారుతుంది. కాబట్టి అడగవలసిన అంకె వేరు. మొత్తం సౌరశక్తిలో ఎంత శాతాన్ని ఆపుతుందో అడగండి. ఫిల్మ్ కాగితం మీద దాన్ని టీఎస్‌ఈఆర్ అని రాస్తారు. ఫిల్మ్ లేని మామూలు అద్దమే అయిదో వంతు దాకా ఆపుతుంది, కాబట్టి 30 అని చెప్పి అమ్మితే మీరు కొన్నది రంగు మాత్రమే. 50 దాటినది చూడండి. రెండో అంకె వీఎల్‌టీ, అంటే ఎంత వెలుగు లోపలికి వస్తుందో. అది 20 కంటే తక్కువైతే గది గుహ అవుతుంది. 35, 40 ప్రాంతంలో ఉంటే బయటి చెట్టూ కనిపిస్తుంది, కంటికీ హాయి.

నల్ల ఫిల్మ్ జోలికి పోకండి. కార్ల అద్దాలకు నల్ల ఫిల్మ్ వద్దని 2012లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది కదా, భవనాలకు ఆ నిషేధం లేదని కొందరు అదే సరుకు అంటగడతారు. నలుపు ఎండను వెనక్కి పంపదు, తానే పీల్చుకుంటుంది. వెలుగు తగ్గుతుంది కానీ అద్దం పెనంలా కాగి, పక్కనున్న మనిషి మీదికి ఆ వేడిని వదులుతుంది. పైగా అద్దం మధ్య భాగం కాగి, ఫ్రేములో ఉన్న అంచు చల్లగా ఉండిపోతే మామూలు అద్దం పగులుతుంది. సగం నీడలో, సగం ఎండలో ఉండే అద్దాలకు ఈ ప్రమాదం ఎక్కువ. మీది టఫెన్డ్ గ్లాసు, అంటే కాల్చి గట్టిపరచిన అద్దం అయితే భయం తక్కువ. దాని మూలలో చిన్న ముద్ర ఉంటుంది, వెతకండి. రెండు పొరల అద్దమైతే అది తయారుచేసినవారిని అడగకుండా లోపలివైపు ఏ ఫిల్మూ వేయవద్దు.

వేయించాక కొన్ని రోజులు నీటి బుడగలు, మసక కనిపిస్తాయి, ఆరిపోతాయి. నెల రోజులు తుడవకండి. ఆ తరువాత కూడా అమోనియా కలిసిన ద్రవాలు, గరుకు స్క్రబ్బర్లు వాడకూడదని తుడిచే మనిషికి స్వయంగా చెప్పండి. బోర్డు మీద రాస్తే సరిపోదు.

మెరిసే ఫిల్మ్ గురించి ఒక హెచ్చరిక. పగలు బయటివారికి లోపల కనిపించదు. చీకటి పడి లోపల లైట్లు వెలిగాక అంతా తలకిందులవుతుంది, రోడ్డు మీదివారికి లోపల ఉన్నవారు స్పష్టంగా కనిపిస్తారు. సాయంత్రాలు ఆడవాళ్ళు పనిచేసే కింది అంతస్తు ఆఫీసుల్లో లైటు వేయగానే తెర దించాలి.

లోపలి తెరలు

ఇవి వేడి కంటే వెలుగు కోసం. అయినా నేరుగా ఒంటి మీద పడే ఎండను ఆపుతాయి కాబట్టి వద్దనలేం. అద్దం వైపు తెల్లగానో వెండి రంగులోనో ఉన్నది కొనండి. లోపలి వైపు మీ ఇష్టం. సన్నని రంధ్రాలున్న సన్‌స్క్రీన్ గుడ్డ రోలర్ బ్లైండ్ అయితే తెర దించినా బయటి దృశ్యం కొంత కనిపిస్తుంది. నిలువు పట్టీల బ్లైండ్స్ ఏసీ గాలికి ఊగుతూ ఎండను ముక్కలు ముక్కలుగా బల్ల మీద ఆడిస్తాయి. అంతకంటే చికాకు పుట్టించేది ఇంకోటి లేదు.

పెద్ద అద్దానికి ఒకే పొడవాటి తెర కంటే పైన ఒకటి, కింద ఒకటి, రెండుగా వేయించండి. కింది తెర దించి కూర్చున్నవారిని కాపాడుతూ, పైదాన్ని తెరిచి ఉంచితే గది లోపలికి వెలుగు వస్తుంది. లేకపోతే ఒకరి కంటి కోసం తెర మొత్తం దించి, ఇరవై మంది కోసం ఇరవై ట్యూబ్‌లైట్లు వేస్తారు.

తెర దించే బాధ్యత ఒకరికి అప్పగించండి. పడమటి తెర మధ్యాహ్నం ఒంటిగంటకే, ఎండ రాకముందే దిగాలి. కళ్ళు మండాక దించితే ఆలస్యమైనట్టే. శనివారం సాయంత్రం వెళ్ళేటప్పుడు అన్నీ దించి వెళ్ళాలి. ఆదివారమంతా కాలిన గదిని సోమవారం ఉదయం చల్లబరచడానికి ఏసీకి మధ్యాహ్నం దాకా పడుతుంది.

ఇప్పుడు ఏసీ

బల్ల జరిగి, ఎండ ఆగాక ఏసీని 24 నుంచి 26 మధ్య పెట్టి పైన ఫ్యాను వేయండి. గాలి ఒంటికి తగిలితే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉన్నట్టే అనిపిస్తుంది. 2020 జనవరి 1 నుంచి గది ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా తయారు కావాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోజుల్లో 24 సరిపోకపోతే ఒకటి తగ్గించండి. పద్దెనిమిదికి దించడం వల్ల గది త్వరగా చల్లబడదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుందంతే.

గోడ ఏసీ తన దగ్గరికి వచ్చే గాలినే కొలుస్తుంది. అది గదికి అవతలి మూల ఉంటే కిటికీ పక్క సంగతి దానికి తెలియదు. కొన్ని కంపెనీల రిమోట్లలో ‘ఐ ఫీల్’ అనో ‘ఫాలో మీ’ అనో ఒక మీట ఉంటుంది. అది నొక్కితే వేడిని రిమోటు ఉన్న చోట కొలుస్తుంది. అలాంటి రిమోటును కిటికీ పక్క బల్ల మీద, ఎండ తగలని చోట ఉంచండి. ఏసీని అద్దం పైనే బిగించి ఉంటే రెక్కలు పైకి తిప్పండి. నెత్తిన చలిగాలి, భుజాన ఎండ రెండూ ఒకేసారి తగిలిన మనిషికి ఏ అంకె పెట్టినా సుఖం ఉండదు.

జూలై, ఆగస్టులలో అద్దం బయటివైపు చెమట పట్టినట్టు నీటి బొట్లు కనిపిస్తే ఏసీ అవసరానికి మించి తగ్గించారని అర్థం. ఆ ఉక్కపోతలో బయటి గాలిలోని తేమ చల్లటి అద్దానికి తగిలి నీరవుతోంది. ఒకటి రెండు డిగ్రీలు పెంచి, ఉంటే ‘డ్రై’ మోడ్‌లో నడిపి చూడండి.

బట్టల విషయంలో పెద్దరికం తగ్గించుకోవడం మంచిది. మే నెలలో టై కట్టుకుని రమ్మని, ఆ టై కోసం ఏసీని రెండు డిగ్రీలు తగ్గించే ఆఫీసులు ఉన్నాయి. మంగళగిరి నూలు చొక్కా పక్కనే దొరుకుతుంది.

కొత్త ఆఫీసు చూస్తుంటే

బ్రోకరు మిమ్మల్ని ఉదయం పదకొండింటికి తీసుకెళతాడు. అప్పుడు ఏ గదైనా బాగానే ఉంటుంది. మీరు సాయంత్రం నాలుగింటికి మళ్ళీ వెళ్ళండి. ఏసీలు ఆపించి, పడమటి అద్దానికి అరచెయ్యి ఆనించి ఎంతసేపు ఉంచగలరో చూడండి. కొత్తగా కట్టిన భవనమైతే అద్దం ఎస్‌హెచ్‌జీసీ ఎంతో బిల్డరును అడగండి. పడిన సౌరశక్తిలో ఎంత వంతు లోపలికి వస్తుందో చెప్పే అంకె అది. మామూలు అద్దానికి 0.8 దాకా ఉంటుంది. 2017 నాటి ఇంధన పొదుపు భవన కోడ్ మన వాతావరణంలోని పెద్ద వాణిజ్య భవనాలకు ఉత్తరం తప్ప మిగిలిన దిక్కుల్లో 0.27కు మించకూడదంది. ఉత్తరానికి, 15 డిగ్రీల అక్షాంశానికి ఎగువనున్న మనలాంటి ఊళ్ళలో 0.50 దాకా ఒప్పుకుంది. బిల్డరుకు ఆ అంకె తెలియకపోతే అద్దం బిల్లు చూపించమనండి, దాని మీద రకం పేరు ఉంటుంది.

అగ్రిమెంటులో రెండు మాటలు రాయించుకోండి. బయటివైపు విప్పదగిన తెర కట్టుకోవడానికి అనుమతి ఉందని ఒకటి. ఖాళీ చేసేటప్పుడు సన్ ఫిల్మ్ పీకి ఇవ్వాలా, అలాగే వదిలేయవచ్చా అన్నది రెండోది. పీకాల్సి వస్తే అద్దం మీద జిగురు గోకే కూలి ఎవరిదో కూడా అక్కడే తేల్చుకోండి. అడ్వాన్సులోంచి కోతపడేది సాధారణంగా అదే.